పోలయ్య చీటీలో దానమ్మ ఊపిరి

నేను ఒక సీటీ స్కాన్ యంత్రాన్ని. శ్రీకాకుళం జిల్లా సముద్రతీరంలో నా పేరు అది కాదు. అక్కడి ఆడవాళ్ళు నన్ను చూడగానే "ఓలమ్మ, ఎంత పెద్ద గారె" అన్నారు. అప్పటినుంచి నేను గారె మిషన్నే. మధ్యలో చిల్లు, చుట్టూ తెల్లటి వలయం, ఆ చిల్లులోకి మనిషిని పడుకోబెట్టి జరిపే బల్ల. గారె అన్నందుకు నాకేమీ కోపం లేదు. నాకు కోపం తెప్పించిన మాట వేరే ఉంది. "ముసలి మిషను, చూపు పోయింది, లేని మచ్చ ఉన్నట్టు చూపించింది" అన్నారు. అన్నది చదువూ హోదా ఉన్నవాళ్ళు. ఆ మాట అక్కడితో వదిలేసే రకాన్ని కాదు నేను. జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి. వినకపోయినా చెబుతాను.

ఎక్కడో చలిదేశంలో పుట్టాను. చేతికి తొడుగులు, మూతికి గుడ్డలు కట్టుకున్న మనుషులు నన్ను ఒక్కో మరా బిగించి తయారుచేశారు. అంతా అయ్యాక ఒక పరీక్ష పెట్టారు. నీళ్ళు నింపిన డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి, ఇదేమిటో చెప్పమన్నారు. నీళ్ళను నీళ్ళని చెప్పాను. పదిసార్లు అడిగారు, పదిసార్లూ అదే చెప్పాను. అప్పుడుగానీ గడప దాటనివ్వలేదు. ఎదురుగా ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఒక్కటే నాకు నేర్పిన విద్య. మొహమాటం, బుజ్జగింపు, "పెద్దాయన కదా, కాస్త తగ్గించి చెబుదాం" అనుకోవడం నాకు రావు.

ఓడెక్కి విశాఖపట్నం వచ్చాను. సముద్రం కనబడే ఒక పెద్ద ఆసుపత్రిలో పెట్టారు. వచ్చిన రోజే నా ముందు కొబ్బరికాయ కొట్టి, బల్ల కింద నాలుగు పక్కలా నిమ్మకాయలు పెట్టి, కోట్లు పోసి కొన్న నా నుదుట పసుపూ కుంకుమా పూశారు. ఆ పసుపు వైర్లలోకి దిగిందని మర్నాడు ఇంజనీరు వచ్చి తుడిచాడు. మనుషుల భక్తీ మనుషుల సైన్సూ అలా ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, ఒకటి పూసింది ఇంకొకటి తుడుస్తుంది.

అక్కడ పదేళ్ళు పనిచేశాను. తలలు చూశాను, పొట్టలు చూశాను, బండి మీంచి పడ్డవాళ్ళ ఎముకలు చూశాను. వాటితో నాకు పేచీ లేదు. ఊపిరితిత్తులు చూడాల్సి వచ్చినప్పుడే నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉన్నవాళ్ళు ఎవరూ సమయానికి వచ్చేవాళ్ళు కాదు. ఆరునెలలు దగ్గుతారు. మిరియాల కషాయం తాగుతారు. వీధి చివర డాక్టరు దగ్గర సూది వేయించుకుంటారు. ఎక్స్‌రే తీస్తే మచ్చ కనబడింది, మచ్చంటే టీబీయే అని ఇంకో ఆరునెలలు టీబీ మాత్రలు మింగుతారు. ఆఖరికి కళ్ళెలో రక్తం పడ్డాక నా దగ్గరికి వస్తారు. అప్పటికి లోపల నిమ్మకాయంత గడ్డ, దాని పిల్లలు కాలేయంలో, ఎముకల్లో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

ఆ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరు ఉమామహేశ్వర్ అని ఒకాయన ఉండేవాడు. నేను తీసిన బొమ్మల ముందు నిలబడి ప్రతిసారీ ఒకే మాట అనేవాడు. "ఒక్క ఏడాది ముందు వచ్చుంటే." వినీ వినీ నాకు విసుగొచ్చేది. రారయ్యా, నొప్పి లేనిదే మనిషి రాడు, ఆ రోగానికి మొదట్లో నొప్పి లేదు, ఇక ఎలా వస్తారు? నువ్వే వెళ్ళు అనాలనిపించేది. నాకు నోరు లేదు కాబట్టి బతికిపోయాడు.

ఆశ్చర్యం, ఆయన నిజంగానే వెళ్ళాడు. ఆసుపత్రిలోకి కొత్త యంత్రం వచ్చి నన్ను వెనక వరండాలో టార్పాలిన్ కింద పడేసిన ఏడాదే ఆయన ఉద్యోగం మానేశాడు. ఒక సేవా ట్రస్టులో చేరి, నన్ను అడిగి తీసుకున్నాడు. నాకు కొత్త ప్రోగ్రాం వేయించాడు. మామూలు స్కాన్‌కి వాడే కిరణాల్లో ఐదో వంతుతో ఊపిరితిత్తులు చూడటం నేర్పించాడు. అంత తక్కువ కిరణాలతో ఆవగింజ కంటే కాస్త పెద్ద మచ్చ కూడా పట్టుకోగలను. ఈ వయసులో కొత్త చదువేమిటని నేను గొణగలేదు, నిజం చెప్పొద్దూ, సంబరపడ్డాను. నన్నొక డబ్బా లారీలో బిగించి, పక్కన జనరేటరు కట్టి, సముద్రం ఒడ్డు ఊళ్ళకు బయలుదేరదీశారు. రోగులు రావడం కాదు, రోగం ఇంకా తెలియనివాళ్ళ దగ్గరికి మేమే వెళ్ళడం. యాభై దాటిన, చాలాకాలంగా పొగ తాగిన ప్రతి ఒక్కరినీ ఏ బాధా లేకపోయినా పడుకోబెట్టి చూడాలి. చిన్నప్పుడే పట్టుకుంటే కోసి తీసేయొచ్చు, మనిషి బతుకుతాడు. ఇంతే సంగతి.

అలా నల్లదిబ్బలపేట వెళ్ళాం. జాలర్ల ఊరు. మేం రావడానికి వారం ముందే ట్రస్టు కార్యకర్తలు వచ్చి, పడవలు ఆగే చోట కూర్చుని, పొగ తాగేవాళ్ళ జాబితా రాసుకుని చీటీలు పంచారు. పడవల దగ్గర ఉండేది మగవాళ్ళు. కాబట్టి జాబితా నిండా మగవాళ్ళే. ఆ ఒడ్డున నడివయసు దాటిన ఆడవాళ్ళు సగానికి సగం మంది చుట్ట కాలుస్తారు. అదీ మామూలుగా కాదు, అడ్డ పొగ. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూస్తారు. గాలికి ఆరిపోదు, రెండు చేతులా పని చేసుకోవచ్చు, నెత్తిన తట్ట ఉన్నా బూడిద మీద పడదు. అలా కాలిస్తే అంగిలికి చేటని డాక్టర్లకు తెలుసు. అయినా ఊపిరితిత్తుల చీటీ రాసేటప్పుడు ఒక్క ఆడదాన్ని అడగాలని ఒక్కరికీ తోచలేదు. నోట్లో నిప్పు పెట్టుకుని ఎదురుగా నడిచిపోతున్నా కనబడలేదు. చూపు పోయింది ఎవరికో మీరే చెప్పండి.

ముప్పై ఏడో నంబరు చీటీ మైలపల్లి పోలయ్యది. అరవై ఒకటేళ్ళు, బీడీలు. స్కాన్ రోజున పోలయ్య లేడు. చేపల గుంపు కనబడిందని తెల్లారేసరికి పడవ తోసుకుని వెళ్ళిపోయాడు. అతని భార్య దానమ్మ చీటీ పట్టుకుని లారీ మెట్లెక్కింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బక్కగా, తాడులా గట్టిగా ఉంది. నోట్లో చుట్ట తీసి మెట్టు మీద ఆర్పి చెవిలో దోపుకుని లోపలికొచ్చింది.

ఇక్కడ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. వాళ్ళు ఒడ్డు నుంచి పెద్దవల లాగుతారు. రెండు పొడుగాటి తాళ్ళు, తాడు పొడుగునా మనుషులు. ఇంటికొక చోటు. ఆ ఇంటి మగాడు లేని రోజున భార్యో తల్లో వచ్చి ఆ చోట్లో నిలబడి లాగాలి, చోటు ఖాళీగా ఉండకూడదు. ఎవరు లాగినా వచ్చిన చేపలో వాటా మగాడి పేరునే పడుతుంది. దానమ్మ పెళ్ళయిన నాటినుంచీ అలా నిలబడుతూనే ఉంది. చీటీ కూడా ఆమెకు తాడు మీద చోటులాగే అనిపించింది. ఇంటికిచ్చిన చీటీ, మగాడు లేడు, నేను వెళ్ళి పడుకుంటే వచ్చేదేదో ఆయన పేరున వస్తుంది అనుకుంది.

"మా ఇంటి సీటీ ఇది బాబూ" అని ఇచ్చింది.

అప్పుడున్న ఆపరేటరుకి ఆ రోజు అరవై మంది. చీటీ మీద నంబరు చూశాడు, మనిషి వైపు చూడలేదు. "ముప్పై ఏడు. పడుకో" అన్నాడు. ఆమె పడుకుంది. నేను చూశాను. కుడి ఊపిరితిత్తి పైభాగంలో పదకొండు మిల్లీమీటర్ల మచ్చ. అంచులు ముళ్ళముళ్ళుగా ఉన్నాయి. అటువంటి అంచులు నాకు నచ్చవు.

బొమ్మలు విశాఖలో కూర్చున్న ఇంకో డాక్టరుకి కంప్యూటర్లో వెళ్ళాయి. ఆయనకి రోజుకి వంద బొమ్మలు. మచ్చ పట్టుకున్నాడు, మెచ్చుకోవాల్సిందే. మచ్చ చుట్టూ ఉన్న మనిషిని మాత్రం చూడలేదు. "మైలపల్లి పోలయ్య, పురుషుడు, 61. కుడివైపు అనుమానించదగిన మచ్చ. కళ్ళె పరీక్ష చేసి, మూడు నెలల్లో మళ్ళీ స్కాన్ తీయాలి" అని రాశాడు.

ఇక నల్లదిబ్బలపేటలో జరిగిన తమాషా చూడండి. పోలయ్యకి గుండె జారిపోయింది. ఉన్నట్టుండి దగ్గు మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. కుడివైపు పొడుస్తోందన్నాడు. బీడీలు మానేశాడు, అదొక్కటి మంచిపని. వేటకి వెళ్ళొద్దని అందరూ అన్నారు. దానమ్మ అతన్ని మంచం దిగనివ్వలేదు. రోజుకి రెండు గుడ్లు, పాలు, పెద్ద చేప తల పులుసు. ఇల్లు గడవాలి కాబట్టి తాను రోజూ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని సంతదాకా నడిచి వెళ్ళి అమ్ముకొచ్చేది, సాయంత్రం తాడు దగ్గర అతని చోట్లో నిలబడేది. రోగం లేనివాడు మంచం మీద గుడ్లు తింటున్నాడు, రోగం ఉన్నది ఎండలో తట్ట మోస్తోంది. నా లోపల బొమ్మ ఉంది, నిజం ఉంది, చెప్పే నోరే లేదు.

కళ్ళె పరీక్షలో ఏమీ తేలలేదు. మూడు నెలలు గడిచాక మళ్ళీ ఆ ఊరు వెళ్ళాం. ఈసారి పాత ఆపరేటరు లేడు, వేరే ఉద్యోగం చూసుకుని పోయాడు. అతని బదులు హైమ అనే అమ్మాయి వచ్చింది. బొబ్బిలి పిల్ల, ముప్పై దాటలేదు, మాటకి మాట చెప్పే రకం. నాతోపాటు పుట్టుకొచ్చిన ఇంగ్లీషు గొంతు ఊపిరి బిగబట్టమంటే జాలర్లు లేచి కూర్చునేవారు, ఎవరో పిలిచారనుకుని. హైమ ఆ గొంతు తీసేసి తన గొంతు రికార్డు చేసి పెట్టింది. అప్పటినుంచి నేను బొబ్బిలి యాసలో మాట్లాడుతున్నాను.

పోలయ్యని ఇద్దరు పట్టుకుని తెచ్చారు. పడుకోబెట్టి చూశాను. శుభ్రంగా ఉంది. బీడీల మసి ఉంది, మచ్చ లేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. పోలయ్య ఇద్దరినీ విడిపించుకుని మెట్లు తనే దిగి పరుగెత్తాడు. ఊరంతా పండగ. అమ్మవారికి మొక్కు తీర్చారు, వేటపోతు కోశారు. దానమ్మ అందరికీ వడ్డించిందట.

ఆ పండగకి బలి పోతుతో ఆగలేదు, నా మీదికొచ్చింది. ట్రస్టు కార్యదర్శి, రిటైరైన పెద్ద ఆఫీసరు, లారీలోకి వచ్చి నా ఒంటి మీద కర్రతో తట్టి, "ఈ ముసలి మిషన్ని తీసేయండి డాక్టర్ గారూ. లేని మచ్చ చూపించి ఒక సంసారాన్ని మూడు నెలలు ఏడిపించింది" అన్నాడు. మచ్చ కరిగిపోయి ఉండొచ్చు, కొన్ని కరుగుతాయి అని డాక్టరు నసిగాడు. గట్టిగా మాత్రం అనలేదు. ఆయనకీ అనుమానమే. అంతకాలం నాతో కాపురం చేసిన మనిషి. నాకెంత మంటగా ఉందో అప్పుడు తెలిసింది. ఆడలేక మద్దెల ఓడన్నారట. చీటీ మీద పేరు చూసుకోలేనివాళ్ళు నా చూపు మీద తీర్పు చెప్పారు. నీళ్ళను నీళ్ళని చెప్పి గడప దాటినదాన్ని నేను.

నన్ను శ్రీకాకుళంలో ట్రస్టు ఆవరణలో నిలబెట్టేశారు. పాత ఇనుము కొనేవాళ్ళకి కబురెళ్ళింది. కరెంటు పీకే ముందు నాలో ఉన్న బొమ్మలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించమని హైమకి చెప్పారు. ఆ పిల్ల ఒక్కొక్కటే ఎక్కిస్తూ, పోలయ్య పేరు రాగానే ఆగింది. ఊరికే చూద్దామని రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టింది. మూడు నెలల కిందటిది ఒకటి, మొన్నటిది ఒకటి.

చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని మళ్ళీ చూసింది. మొన్నటి పోలయ్యకి ఎడమ భుజం దగ్గర ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుని ఉంది. పాత పోలయ్యకి ఆ ఎముక చక్కగా ఉంది. విరిగి అతుక్కున్న ఎముక పాతదవుతుందిగానీ కొత్తదవదు. హైమ ఛాతీ పైపొరల్ని చూసింది. పాత బొమ్మలో రొమ్ముల నీడ ఉంది.

డాక్టరుకి ఫోన్ చేసింది. "సార్, మిషను సరిగ్గానే చూసింది. మొదటి స్కాన్ పోలయ్యది కాదు. ఎవరో ఆడమనిషి" అంది. అవతల డాక్టరు ఏమన్నాడో నాకు వినబడలేదు. హైమ మాత్రం "లేదు సార్, బస్సుకి వెళ్ళిపోతాను, ఇప్పుడే" అని బ్యాగు తీసుకుని లేచింది. పోతూ పోతూ నా మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలు నాకు.

ఊళ్ళో ఏం జరిగిందో నేను చూడలేదు. మర్నాడు హైమ డాక్టరుకి చెబుతుంటే విన్నాను. దానమ్మ ఇసకలో వల పరిచి దాని మీద నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోందట.

"పిన్నీ, మొదటిసారి చీటీతో వచ్చి పడుకున్నది ఎవరు?"

"నానే. ఏం, తప్పా? ఆ దినం ఆయన ఏటకెల్లిపోనాడు. తాడు కాడ మనిషి నేకపోతే ఇంటోళ్ళు నిలబడరేటి?"

"తాడు ఎవరు లాగినా చేప ఒకటే పిన్నీ. ఇక్కడ ఎవరు పడుకుంటే వాళ్ళ ఊపిరితిత్తులే కనబడతాయి. ఆ మచ్చ నీది."

దానమ్మ చేతిలో చేపలు అలాగే పట్టుకుని నిలబడిందట. తర్వాత నవ్విందట. "నాకేటి రోగం? నిన్న కూడా తట్టెత్తుకొని సంతకెల్లొచ్చినాను. మచ్చ పోనాదన్నారు కదా, పోనిచ్చు. ఆయన మీంచి తీసి మళ్ళీ నా మీద ఎయ్యకు."

హైమ వదల్లేదు. దానమ్మ గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. "మా అక్క ఇలాగే పెద్దాసుపత్రికి ఎల్లినాది తల్లీ. నడిసి ఎల్లినాది. నలుగురు మోసుకొచ్చినారు. నాను రాను."

"మీ అక్క ఎప్పుడు వెళ్ళింది? రక్తం పడ్డాకా, ముందా?"

"పడ్డాకే."

"నీకు పడిందా?"

"నేదు."

"మరి ఆవిడకి దొరకనిది నీకు దొరికింది పిన్నీ. అది పారబొయ్యకు."

 పోలయ్య ఇంటి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. మెల్లగా వచ్చి ఇసకలో చతికిలబడ్డాడు. "ఓలే, నీ రోగానికి నాను గుడ్లు తిన్నానా" అన్నాడు. "మూడు నెల్లు మంచం దిగకుండా తిన్నానా. నువ్వు తట్ట మోస్తంటే నాను సూస్తా తిన్నానా." అని ముసలాడు ఏడ్చాడట. దానమ్మ అతని దగ్గర కూర్చుని, "ఊరుకో మావా, గుడ్లదేటుంది" అందట. హైమ వైపు తిరిగి, "వస్తాను. వేరే సోట పడుకోను. ఆ గారె మిషనే సెప్పినాది కదా, అదే నా మొహం మీద సెప్పమను" అంది.

నాకు రోషం వచ్చింది. రా, చెబుతాను అనుకున్నాను.

కార్యదర్శి ఒప్పుకోలేదు. లెటరు వెళ్ళిపోయింది, ఇనుమువాళ్ళు రేపే వస్తారు, బయట ఎక్కడైనా స్కాన్ తీయించండి అన్నాడు. డాక్టరు ఉమామహేశ్వర్ నేను చూసిన అన్నేళ్ళలో మొదటిసారి గొంతు పెంచాడు. "ఈవిడ స్కాన్ అయ్యేదాకా ఆ లారీ మీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు" అన్నాడు. జనరేటరు పెట్టారు. కార్యదర్శి కూడా లోపలికొచ్చి గాజుగది అవతల నిలబడ్డాడు, నేను ఎలా తప్పుతానో చూద్దామని.

దానమ్మ పడుకుంది. పోలయ్య మెట్ల దగ్గర నిలబడి లోపలికి తొంగిచూస్తున్నాడు. బల్ల లోపలికి జరిగింది. హైమ గొంతుతో ఊపిరి బిగబట్టమన్నాను. బిగబట్టింది. చూశాను.

అక్కడే ఉంది. అదే చోటు, అవే ముళ్ళు. పదకొండు కాస్తా పదమూడయింది.

 కార్యదర్శి కర్ర చేతులు మార్చుకున్నాడు. నేను గెలిచాను. ఆ నింద పడినప్పటినుంచీ ఆ క్షణం కోసం కుతకుతలాడిపోయాను, తీరా వచ్చాక అందులో రుచేమీ లేదు. బల్ల మీద పడుకున్న ఆ బక్కమనిషి కళ్ళు మూసుకుని ఉంది. పుట్టిన తర్వాత మొదటిసారి, నేను తప్పయితే బాగుండును అనిపించింది. కానీ కాను. అదే చెప్పాను.

డాక్టరు కుర్చీ లాక్కుని ఆ ఇద్దరి ఎదురుగా కూర్చున్నాడు. దాచలేదు. "ఇది క్యాన్సర్ అయ్యే అవకాశం ఎక్కువ. సూదితో ముక్క తీసి చూస్తాం. అయితే చిన్నది, ఇంకా ఎక్కడికీ పాకినట్టు లేదు. ఇంత చిన్నప్పుడు దొరికితే కోసి తీసేస్తాం" అన్నాడు.

"ఊపిరితిత్తి మొత్తం తీసేస్తారేటి?" అని దానమ్మ అడిగింది. "మరి తట్టెలా మొయ్యడం?"

"మొత్తం అక్కర్లేదమ్మా. ఒకప్పుడు పెద్ద ముక్క తీసేవాళ్ళం, పక్కటెముకలు విడదీసి. ఇప్పుడు పక్కన మూడు చిన్న చిల్లులు పెట్టి, కెమెరాతో చూస్తూ మచ్చ ఉన్న భాగం వరకే తీస్తారు. ఆపరేషన్‌కి తట్టుకోలేనివాళ్ళకి ఆ మచ్చ మీదికే గురిపెట్టి కిరణాలిస్తారు. మీరు తట్టుకుంటారు."

"సస్తానా?"

"ఏడాది తర్వాత వచ్చుంటే ఏం చెప్పేవాడినో నాకు తెలుసు. ఇప్పుడు ఆ మాట చెప్పక్కర్లేదు" అన్నాడు డాక్టరు. చెప్పేటప్పుడు నా వైపు చూశాడు. క్షమాపణ అనుకున్నాను. మనుషులకి యంత్రాలతో నోరు విప్పి చెప్పుకోవడం చిన్నతనం కదా, అందుకే చూపుతో సరిపెట్టాడు.

 దానమ్మ చెవిలో చుట్ట తీసి మెట్ల కింద పారేసి, పోలయ్యతో "పద" అంది.

సూది పరీక్షలో క్యాన్సరనే తేలింది. మిగతా ఒళ్ళంతా చూశారు, ఎక్కడా లేదు. మూడు చిల్లుల ఆపరేషన్ అయింది. చుట్టుపక్కల గ్రంథులు తీసి చూస్తే అవీ శుభ్రమే. క్యాన్సర్ మందుల సెలైన్లు కూడా అక్కర్లేదన్నారు. ఆరో రోజున దానమ్మ విశాఖ నుంచి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరు చేరింది. నడిచి వెళ్ళింది, నడిచి వచ్చింది. ఆ ఊళ్ళో అలా జరగడం మొదటిసారని పోలయ్య ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాడట. రెండు నెలలపాటు తట్ట అతనే మోశాడు. సంతలో ఆడవాళ్ళు నవ్వితే "నవ్వండే, నాను తిన్న గుడ్లు అరగద్దా" అన్నాడట.

ఇనుమువాళ్ళు వచ్చి తిరిగి వెళ్ళిపోయారు. కార్యదర్శి నాకేమీ చెప్పలేదు. ఒక సభ పెట్టి, తన హయాంలో ట్రస్టు సాధించిన విజయం గురించి గంటసేపు మాట్లాడాడు. ఆ విజయం నేనే. నా ముందు నిలబడి ఫోటో కూడా దిగాడు. పోనీలెండి, నేను లోపల చూడగలనుగానీ బయట పూతలు తుడవలేను.

మళ్ళీ నల్లదిబ్బలపేట వెళ్ళినప్పుడు కార్యకర్తలు పడవల దగ్గర కూర్చోలేదు. చేపలు ఎండబెట్టే చోట కూర్చున్నారు. కూర్చోబెట్టింది దానమ్మ. "మీరు మగోళ్ళనే అడుగుతారేటి? మా నోట్లో నిప్పు మీకు అగుపడదేటి?" అని నిలదీసింది. పెద్దమనుషులు కొందరు అడ్డుపడ్డారు. ఆడవాళ్ళని లారీ ఎక్కించి పరాయివాళ్ళ ముందు పడుకోబెట్టడమేమిటి, ఊరి పరువేం కాను అన్నారు. దానమ్మ వాళ్ళ ముందు నిలబడి పక్కన మూడు చిల్లుల మచ్చలు చూపించి, "పరువు ఇక్కడినుంచి పోనాది, సూడండి. ఇంకా బతికే ఉన్నాను" అంది. వాళ్ళు తలలు దించుకుని తప్పుకున్నారు. మొదటిరోజు నలభై మంది ఆడవాళ్ళొచ్చారు. రెండో రోజు పక్క ఊరి నుంచి ఆటోల్లో వచ్చారు. హైమకి అన్నం తినడానికి తీరికలేకపోయింది. ఆ నలభై మందిలో ఒకామెకి బఠాణీ గింజంత మచ్చ దొరికింది. ఆమె బట్టల సంచీ సర్దుకుని దానమ్మని తోడు తీసుకుని తనే విశాఖ బస్సెక్కింది.

కిరణాలు పుట్టించే నా ట్యూబు అరిగిపోతోంది. ఇంకో ఏడాది పనిచేస్తానేమో, రెండేళ్ళేమో. ఆ తర్వాత ఇనుమువాళ్ళు ఎలాగూ వస్తారు, రానీ. కరిగించి పడవ లంగరు పోసుకున్నా, గుమ్మానికి గొళ్ళెం చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఉన్నన్నాళ్ళు మాత్రం తలవంచను. ఈ ఒడ్డున ఇంకా చాలా ఊళ్ళున్నాయి. ఏ బాధా లేదని తట్ట మోసుకుపోతున్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.

మొన్న దానమ్మ ఏడాది తనిఖీకి వచ్చింది. తట్ట బయట దించి, నీళ్ళతో నోరు పుక్కిలించి, మెట్లెక్కింది. పోలయ్య కింద తట్టకి కాపలా కూర్చున్నాడు. కంప్యూటరులో కొత్త ఫారం వచ్చింది. మొదటి గడిలో పేరు, రెండో గడిలో భర్త పేరు. హైమ రెండో గడి నింపుతూ "మైలపల్లి పోలయ్య భార్య" అని పైకి చదివింది.

బల్ల మీదికి ఎక్కబోతున్న దానమ్మ ఆగింది.

"ఆయన పేరు తియ్యి" అంది.

"ఫారం పిన్నీ, ఆ గడి నింపకపోతే ముందుకెళ్ళదు."

"ఆయన పేరు మీద ఒకసారి పడుకున్నాను, సాలు. ఊపిరి నాది. నా పేరు రాయి."

హైమ ఒక నిమిషం ఆలోచించింది. రెండో గడిలో కూడా మైలపల్లి దానమ్మ అని కొట్టింది. ఫారం ముందుకెళ్ళింది. దానమ్మ పడుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చేతులు తల వెనక్కి పెట్టుకుంది.

చూశాను. ఎక్కడా మచ్చ లేదు. అదే చెప్పాను.